వినకముందే గెలిచే పాట

"మెల్లోట్రాన్ మోగిందంటే చాలు మాష్టారూ, ఆ పాటకి నేను లొంగిపోతాను" అన్నాడు ఈమధ్య మా ఇంటికి వచ్చిన ఒక సాహిత్య విద్యార్థి. అంతటితో ఆగలేదు. వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. ఏడు మాత్రల్లో కుంటుతూ నడిచే లయ, హామండ్ ఆర్గన్, రికార్డులో ఒక వైపంతా ఆక్రమించే పాట, మొదట్లో వినిపించి మాయమై చివర్లో మళ్లీ పెద్దగా తిరిగొచ్చే బాణీ. వీటిలో ఏ రెండు ఉన్నా ఆ పాట గొప్పదేనట.

ఒక రచన విలువను తేల్చే పద్ధతి ఇదేనా అని మందలిద్దామనుకున్నాను. నోరు రాలేదు. నేనూ అలా లొంగిపోయినవాణ్నే. 1980లలో ఒక మిత్రుడి గదిలో, అరిగిపోయిన క్యాసెట్టు మీద, జెనిసిస్ బృందం 1972లో చేసిన 'వాచర్ ఆఫ్ ది స్కైస్' మొదటిసారి విన్నాను. మాటలు రాకముందే, తాళం మొదలవకముందే, ఆ పాట నన్ను గెలిచేసింది. ఏం చెప్పి గెలిచింది? అప్పటికి అదింకా ఏమీ చెప్పలేదు. ఈ చిక్కు అప్పటినుంచీ నాతోనే ఉంది. ఇది సంగీతానికి మాత్రమే చెందిన చిక్కు కాదు కనుక ఈ పత్రికలో రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. ఈ 'ప్రోగ్రెసివ్' మన 'అభ్యుదయం' కాదు. 1960ల చివర ఇంగ్లండులో కొన్ని రాక్ బృందాలు మూడు నిమిషాల డాన్సు పాట చాలదనుకున్నాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ, జాజ్ నుంచీ, జానపదాల నుంచీ తెచ్చుకుని పాటను పొడిగించాయి, మెలిపెట్టాయి. ఆ ముందడుగు శిల్పంలో వేసింది. వస్తువులో ఎవరి దారి వాళ్లది. ఈ తేడా గుర్తుంచుకోకపోతే ఇటు పొగిడేవాళ్లూ అటు తిట్టేవాళ్లూ ఇద్దరూ దెబ్బతింటారు.

ఇక ఆ మెల్లోట్రాన్. చూడడానికి హార్మోనియానికి అన్నలా ఉండే పెట్టె. 1963 ప్రాంతంలో బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్లీ సోదరులు తయారుచేశారు. దీనికి మూలం అమెరికాలో చాంబర్లిన్ అనే ఆయన చేసిన యంత్రం. ఇందులో ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క ఉంటుంది. ఆ టేపు మీద నిజమైన వయొలిన్లో, వేణువులో, గాయకుల బృందమో ఒకే స్వరాన్ని పలికిన రికార్డింగు ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు కదిలి స్వరం పలుకుతుంది. సుమారు ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. ఎనిమిది సెకన్ల తర్వాత ఎంత నొక్కినా మౌనమే. పైగా మోటారు వేగం నిలకడగా ఉండదు, శ్రుతి వణుకుతుంది. వయొలిన్ అనుకుని వింటే వయొలిన్ కాదు, కాదనుకుందామంటే లోపల ఉన్నది వయొలినే. ఎక్కడో దూరంగా, గోడకవతల, పోయినవాళ్లెవరో వాయిస్తున్నట్టుంటుంది.

ఈ యంత్రం మార్కెట్లోకి రాగానే బ్రిటన్‌లోని వాద్యకారుల యూనియన్ ఆందోళన పడింది. ఒక మనిషి పదిమంది వయొలిన్ వాద్యకారుల పని ఒక్క చేత్తో చేసేస్తుంటే ఆ పదిమంది కూలి ఏం కావాలి? ఈ ప్రశ్నని మనం తేలిగ్గా తీసుకోలేం. టేపు మీద ఉన్నది గడ్డకట్టిన శ్రమ. ఒకనాడు ఒక గదిలో కూర్చుని ఒక్కొక్క స్వరాన్నే ఓపిగ్గా పలికి, డబ్బు తీసుకుని వెళ్లిపోయిన వాద్యకారుల శ్రమ. ఆ తర్వాత వాళ్ల విల్లు ఎన్ని వందల రికార్డుల్లో మోగిందో! ఆ రికార్డుల అట్టల మీద మాత్రం వాళ్ల పేర్లు లేవు. విద్యార్థి లొంగిపోయే ఆ దూరపు ధ్వనిలోని దిగులుకి సగం కారణం యంత్రలోపమైతే, మిగతా సగం ఈ లేకపోవడమేనని నాకనిపిస్తుంది. ఇది నిరూపించగలిగేది కాదు. అలా వినిపిస్తుంది, అంతే.

ఆ లోపాన్ని లోపంగా దాచకుండా వాడుకున్నవాళ్లే మంచి పాటలు చేశారు. 'వాచర్ ఆఫ్ ది స్కైస్' ఆరంభాన్ని టోనీ బ్యాంక్స్ కూర్చిన తీరు అదే. ఆ యంత్రం మీద ఏ స్వరాల గుత్తి బాగా పలుకుతుందో చూసుకుని వాటినే వరుసపెట్టాడు. వాద్యం తనేం చేయగలదో చెప్పింది, స్వరకర్త విన్నాడు. ఆ మబ్బులాంటి ధ్వని కిందనుంచి ఆరు మాత్రల లయ మెల్లగా పైకి లేస్తుంటే, ఖాళీ అయిపోయిన భూమిని పైనుంచి ఎవరో చూస్తున్నారన్న ఊహకి శరీరం వస్తుంది. అంటే నేను వినకముందే గెలిచిన ఆ ధ్వని, విన్న తర్వాత కూడా నిలబడింది. పాటలో దానికి పని ఉంది.

కింగ్ క్రిమ్సన్ 1969 అక్టోబరులో తెచ్చిన మొదటి ఆల్బంలోనూ అంతే. మెల్లోట్రాన్ అక్కడ రాజదర్బారు ఆడంబరంలా వస్తుంది, శవయాత్రలా వెళుతుంది. అయితే ఆ ఆల్బం మొదలయ్యేది దానితో కాదు. మొదటి పాటలో గొంతును యంత్రంలో నలిపి చీల్చి వినిపించారు. పీటర్ సిన్‌ఫీల్డ్ రాసిన ఆ పాటలో నాపాం మంటలున్నాయి, అంటే వియత్నాం ఉంది. మధ్యలో నలుగురూ ఒక్కసారిగా పరుగెత్తి, ఒక్కసారిగా ఆగి, మళ్లీ ఒక్కసారిగా దూకుతారు. మన మృదంగ విద్వాంసుల ముక్తాయింపు ఎరిగినవాళ్లకి ఆ ఒడుపు కొత్తగా ఉండదు. కానీ అక్కడ అది ప్రదర్శన కాదు, తెగిపోతున్న నరాల సంగతి. ఆ ఆగడాలు లేకుండా ఆ పాటలోని భయం లేదు.

ఇప్పుడు ఏడు మాత్రల సంగతి చూద్దాం. పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన 'మనీ' దీనికి అందరూ చెప్పే ఉదాహరణ, చెప్పదగ్గ ఉదాహరణ కూడాను. నాణేల గలగల, గల్లాపెట్టె టంగుమనడం, కాగితం చిరగడం – ఇలాంటి ఏడు శబ్దాల టేపు ముక్కల్ని కొలిచి కత్తిరించి, అతికించి, చుట్టగా తిప్పారు. ఆ చుట్టే పాటకు తాళం. నాలుగు మాత్రలకు అలవాటుపడ్డ ఇంగ్లీషు చెవికి ఏడులో ఎప్పుడూ ఒకటి తక్కువైనట్టుంటుంది. ఎంత లెక్కపెట్టినా సరిపోదు. డబ్బు గురించిన పాటకు ఇంతకన్నా తగిన నడక ఏముంటుంది? గిటారు విడిగా వాయించే ఘట్టంలో పాట నాలుగు మాత్రల్లోకి మారి స్వేచ్ఛగా ఉరుకుతుంది. తర్వాత మళ్లీ ఆ గల్లాపెట్టె దగ్గరికే వచ్చి పడుతుంది. డబ్బును ఎగతాళి చేసిన ఆ పాటే ఆ బృందానికి అమెరికాలో కాసుల వర్షం కురిపించింది. ఆ సంగతి పాటకి తెలిసే ఉంటుందేమో అనిపించేలా ఉంటుంది దాని నవ్వు.

ఇక్కడ తెలుగు పాఠకుడిగా నాకో సందేహం. ఏడు మాత్రలు మనకు వింతా? గురజాడ ముత్యాల సరం నడిచేది మూడూ నాలుగూ మాత్రల జంటల మీదే కదా. మిశ్రచాపులో కృతులు వింటూ తల ఊపే మామ్మగారికి తాను బేసి లయ వింటున్నానన్న స్పృహే ఉండదు. లండన్ కుర్రాడికి కుంటి నడకగా వినిపించేది మన దగ్గర అచ్చమైన మామూలు నడక, కథ చెప్పుకోవడానికి వీలైన నడక. కాబట్టి 'ఏడు' అనే అంకెలో ఏ మహత్యమూ లేదు. అది ఎవరి చెవిలో పడుతోంది, ఏ అలవాటుని తొక్కుతోంది, ఏ మాటను మోస్తోంది అన్నదే లెక్క. ఇలాంటి లయల కోసమే జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో మన సంగీతం వైపు వచ్చాడు. శతాబ్దం మారేనాటికి మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ ఆయన పక్కన కూర్చుని అవే లెక్కల్ని ఆటలా వాయించాడు. అక్కడ ఆశ్చర్యపడింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఇటలీలో ఏరియా అనే బృందం 1973లో చేసిన మొదటి ఆల్బం ఈ లెక్కను ఇంకో మెట్టు ఎక్కించింది. గాయకుడు దెమెత్రియో స్త్రాతోస్ అలెగ్జాండ్రియాలో పుట్టిన గ్రీకువాడు. ఆ ఆల్బంలో మొదటి పాట పేరులోనే పాలస్తీనా 'బ్లాక్ సెప్టెంబరు' ఉంది. బాల్కన్ పల్లెల నాట్యగతి, అరబిక్‌లో మాట్లాడే ఆడగొంతు, కరెంటు వాద్యాల రొద, అన్నీ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. బేసి నడక అక్కడ తెలివితేటల కోసం రాలేదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ప్రజల కాళ్లలోంచి వచ్చింది. ఈ బృందమే 1974లో 'ఇంటర్నేషనల్' గీతాన్ని తన బాణీలో రికార్డు చేసింది.

ఆర్గన్ గురించీ పొడుగు గురించీ ఎక్కువ చెప్పను. జెనిసిస్‌ను మొదలుపెట్టిన పిల్లలు చార్టర్‌హౌస్ అనే ఖరీదైన బడిలో చదువుకున్నవాళ్లు. అలాంటి బడుల్లో ప్రార్థనామందిరపు ఆర్గన్ రోజూ వినిపించేదే. యెస్ బృందం 1972 నాటి 'క్లోజ్ టు ది ఎడ్జ్' కోసం రిక్ వేక్‌మన్ లండన్‌లోని సెయింట్ గైల్స్ చర్చిలో నిజం ఆర్గన్నే వాయించి రికార్డు చేశాడు. ఆ ఘట్టంలో పైకప్పు లేచిపోయినట్టనిపిస్తుంది, కాదనలేను. దేవుడిమీద నమ్మకం పోయిన తరానికి దేవుడి ఇంటి శబ్దం మీద మమకారం పోలేదన్నమాట. ఇక పొడుగంటారా, 1972లోనే జెథ్రో టల్ ఆల్బం మొత్తాన్నీ ఒకే పాటగా చేసి, ఆ పొడుగు పిచ్చినే వెక్కిరించింది. శ్రోతలు ఆ వెక్కిరింతను కూడా గంభీరంగా తీసుకుని ఆనందించారు.

మన మిత్రుల్లో కొందరు ఈ సంగీతాన్నంతా మధ్యతరగతి తీరిక వ్యవహారమని తోసేస్తారు. ఆ మాటలో కొంత నిజముంది. కెనడా బృందం రష్ 1976లో '2112' అనే ఇరవై నిమిషాల పాట చేసి, రికార్డు అట్టమీద అయన్ రాండ్‌కు కృతజ్ఞత చెప్పుకుంది. స్వార్థాన్నే ధర్మంగా బోధించిన రచయిత్రి ఆమె. అదే పొడుగు, అవే మెలికలు, అదే చివర్లో ఉవ్వెత్తున లేవడం. కానీ 1975లో స్టార్మీ సిక్స్ అనే మిలాన్ బృందం ఫాసిస్టుల్ని ఎదిరించిన ఇటలీ ప్రజల మీద ఆల్బమే చేసింది. రికార్డు కంపెనీలు ముఖం తిప్పుకున్న అయిదు దేశాల బృందాలు 1978 మార్చిలో లండన్‌లో ఒక వేదిక మీదికి వచ్చాయి, హెన్రీ కౌ చొరవతో. ఇవి కూడా ఆ కుటుంబపు పిల్లలే. కనక పరికరాలను చూసి పక్షం చెప్పలేం. అలాగని పరికరాలు గాలిలో తేలుతుంటాయనీ అనలేం. వాటిని ఎవరు ఏ అవసరంతో చేత పట్టారన్నది పాటలో వినిపిస్తుంది, చెవి ఒగ్గితే.

అవసరం పోయి ఆనవాలు మిగిలితే ఏమవుతుందో 1980లలో విన్నాం. మరిలియన్ బృందం 1982లో తెచ్చిన 'గ్రెండెల్' అనే పొడుగు పాటలో ఒకచోట పదేళ్లనాటి జెనిసిస్ తొమ్మిది మాత్రల ఘట్టం దాదాపు పోలికలతో సహా కనబడుతుంది. శ్రోతలు గుర్తుపట్టి పరవశించారు. గుర్తుపట్టడం వేరు, వినడం వేరు. మొదటిదానిలో మనకు ఇదివరకే ఉన్నది మనకు తిరిగి దక్కుతుంది. అందులో సుఖం ఉంది. సరుకుకు కావలసింది ఆ సుఖమే. ఇవాళ మెల్లోట్రాన్ ధ్వని కంప్యూటరులో ఒక మీట. ఎనిమిది సెకన్లకు ఆగిపోవలసిన అవసరమే లేదు. టేపు వణుకుని మాత్రం కష్టపడి నకలు తీసిపెట్టారు! ఇంత చెప్పి కూడా, 1992లో స్వీడన్ బృందం ఆంగ్లగోర్డ్ తెచ్చిన మొదటి ఆల్బంలో ఆ పాత ధ్వని వినబడగానే నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని ఒప్పుకోవాలి. నా సిద్ధాంతానికి ఆ ఆల్బం ఇప్పటికీ లొంగలేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, చాలా ఏళ్ల కిందట ఒక ప్రత్యేక సంచికకు కవితలు ఎంచే పని నామీద పడింది. ఒక కవితలో తూర్పు ఎర్రబడింది, పిడికిలి లేచింది, రేపు ఉదయించింది. రెండో పాదం పూర్తవకముందే ఎంచేశాను. ఇంకొక కవిత బీడీలు చుట్టే ఒకామె, సాయంత్రం లెక్క అప్పగించేటప్పుడు గంపలోంచి తీసి పక్కన పడేసిన కట్టల గురించి. అందులో నాకు పరిచయమున్న మాట ఒక్కటీ లేదు. తిప్పి పంపాను. మొదటి కవితలో ఏముందో ఇవాళ నాకు గుర్తులేదు. ఇలాంటివి ఎన్నయినా ఉండొచ్చు. రెండోది తిప్పి పంపినా మరచిపోలేకపోయాను. ఆ కవి మళ్లీ మాకు ఏమీ పంపలేదు. తప్పు నాదే. నేను చదవలేదు, గుర్తుపట్టాను.

ఈ కథ విద్యార్థికి చెప్పలేదు. బదులుగా రాబర్ట్ వ్యాట్ ఆల్బం ఒకటి పెట్టాను, 1974 నాటి 'రాక్ బాటమ్'. వ్యాట్ సాఫ్ట్ మెషీన్ బృందంలో డ్రమ్ములు వాయించినవాడు. 1973 జూన్‌లో మేడమీదనుంచి పడి నడుం కింద చచ్చుబడింది. డ్రమ్ముల పీట దిగి కీబోర్డు ముందుకొచ్చాడు. తర్వాత కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఆ ఆల్బంలో రాజదర్బారు లేదు, చర్చి ఆర్గన్ లేదు, ఎవరినీ తక్షణం గెలవాలన్న తొందర లేదు. సన్నని, కాస్త బొంగురుపోయే గొంతు ఒకటి, సముద్రం అడుగున నడుస్తున్నట్టున్న స్వరాలు.

మొదటి రెండు నిమిషాలు మా కుర్రాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మెల్లోట్రాన్ కోసం ఎదురుచూస్తున్నాడేమో. పాట సగంలో తల ఇటు తిప్పాడు. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. నేనూ అడగలేదు. "బావుందో లేదో తెలియట్లేదు మాష్టారూ, మొదటినుంచి ఇంకోసారి పెడతారా?" అన్నాడు.