ఒక్క మోటారు, రెండు మిల్లీయాంపులు

ఎండుమిరపకాయ తొడిమ తీయాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి, మణికట్టు కాస్త తిరగాలి. గుంటూరు చుట్టుపక్కల కూలికి వెళ్లే ఆడవాళ్ల చేతులు రోజంతా చేసేది ఈ చిన్న కదలికే. పత్తి తీతా అంతే, కాయలోంచి దూదిని లాగేది వేళ్ల కొసలే. పక్షవాతం వచ్చాక చాలామందికి కాలీడ్చుకుంటూనైనా నడక వస్తుంది. ముడుచుకున్న పిడికిలి మాత్రం ఒక పట్టాన తెరుచుకోదు.

వైద్యానికని వెల్లూరు వెళ్లేందుకు కాట్పాడి రైలెక్కడం మనవాళ్లకు కొత్త కాదు. అక్కడి సీఎంసీ ఆసుపత్రి, ఐఐటీ మద్రాసు కలిసి ఈ పిడికిలి కోసమే ‘ప్లూటో’ అనే యంత్రాన్ని తయారుచేశాయి. దాని నిర్మాణం గురించిన పరిశోధన పత్రం 2021లో వచ్చింది. మోటారు ఒక్కటే. దానికి తగిలించే భాగాలే మారతాయి. ఒకటి బిగిస్తే మణికట్టు పైకీ కిందికీ, ఇంకొకటి బిగిస్తే పక్కలకీ ఆడుతుంది. మరోదానితో అరచేయి బోర్లా వెల్లకిలా తిరుగుతుంది, వేరొకదానితో పిడికిలి తెరుచుకుని మూసుకుంటుంది. నాలుగు పనులకు నాలుగు మోటార్లు ఎవరైనా పెడతారు. ఒక్కదానితో సరిపెట్టడంలోనే ఉంది పనితనమంతా.

ఈ తరహా రోబో యంత్రాలకు దారి వేసింది అమెరికాలో నెవిల్ హోగన్, హెర్మానో క్రెబ్స్ 1989లో మొదలుపెట్టిన ‘ఎంఐటీ-మానస్’. దాని గొప్పతనం బలంలో లేదు, లొంగడంలో ఉంది. రోగి తోస్తే అడ్డుపడకుండా కదులుతుంది, చెయ్యి మధ్యలో ఆగితేనే సాయం పడుతుంది. తమ్ముడికి సైకిలు నేర్పే అన్న సీటు వెనక పట్టుకోవడం లాంటిదది.

ఇక మెదడు సంగతి. నెత్తి మీదుగా మెదడుకు సన్నటి కరెంటు పంపే చికిత్స ఇంకొకటుంది. దానికి ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజిలు కావాలి. ఎడమ చెయ్యి పడిపోతే ఒకటి కుడివైపు నడినెత్తికి కాస్త పక్కగా, చేతిని నడిపే భాగం మీద ఉంటుంది, రెండోది ఎడమ కనుబొమ్మ పైన. పంపేది 2 మిల్లీయాంపులు, అదీ 20 నిమిషాలు. ఆ కరెంటుకు వేలు కూడా కదలదు, అక్కడి నాడీకణాలు స్పందనకు కొంచెం దగ్గరవుతాయంతే. పరీక్షల్లో ఉత్తుత్తి చికిత్స పొందేవాళ్లకీ కరెంటు మెల్లగా పెంచి, అర నిమిషానికల్లా ఆపేస్తారు. నెత్తిన అదే చిమచిమ, అసలో నకిలీనో రోగికి తెలియదు. ఆ నకిలీలోనూ ఎంత జాగ్రత్తో!

రోబో, కరెంటు రెండూ కలిపితే? కరెంటు ఎప్పుడు పెట్టాలన్నదే మొదటి చిక్కు. 2013లో 12 మందితో చేసిన చిన్న అధ్యయనంలో, రోబో సాధనకు ముందు పెడితే మణికట్టు కదలిక నునుపైంది. సాధన జరుగుతుండగా పెడితే వేగం తగ్గింది, తర్వాత పెడితే ఏ తేడా లేదు. ముచ్చటైన ఫలితమే, కానీ పెద్ద పరీక్షలో నిలవలేదు. ముందు కరెంటు, తర్వాత రోబో అన్న క్రమంలోనే వారాల తరబడి చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. అందరి చేతులూ మెరుగయ్యాయి, అసలు కరెంటుకీ నకిలీకీ తేడా రాలేదు. అంతకుముందు 2011లో స్టెఫాన్ హెస్సే బృందం, సాధన జరుగుతుండగానే కరెంటు పెట్టి, 96 మందితో చూసిందీ ఇదే. రోబో మాత్రం అన్నీ గెలిచిందా? బ్రిటన్‌లో 770 మందితో చేసిన పరీక్షలో మామూలు చికిత్సను అది మించలేకపోయింది.

అయినా నన్నడిగితే మోటారునే ముందు కొనమంటాను. ఒకే కదలికను వందలసార్లు చేయించడానికి ఫిజియోథెరపిస్టుకున్నవి రెండే చేతులు. స్పాంజిలు తర్వాత చూసుకోవచ్చు.