తోలుముక్కలో దాగిన క్రోమియం

తోలు పరిశ్రమవల్ల కలిగే హాని అనగానే పాఠాలలోను, ఉపన్యాసాలలోను వినిపించేది మురుగునీటి మాట. ఇందుకు కారణం లేకపోలేదు. చిత్తూరు జిల్లాను ఆనుకొని ఉన్న వేలూరు, రాణిపేట ప్రాంతాలలో తోళ్ళ కర్మాగారాల నీరు పాలారు నదినీ, దాని ఒడ్డు బావులనూ చెరిపివేసింది. చెరిపినవారే నష్టాన్ని భరించవలెనన్న సూత్రాన్ని 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఈ ప్రాంతపు వ్యాజ్యంలోనే బలపరచింది. 2025 జనవరి 30న అదే విషయంపై మరల తీర్పు చెప్పవలసివచ్చింది.

ఇంత చర్చలోను ఒక ప్రశ్న మరుగున పడిపోయింది. పదునైన తోలు కర్మాగారపు గడప దాటి, చెప్పులు, సంచులు, నడుముపట్టీలు కుట్టే చిన్న కార్ఖానాలను చేరిన తరువాత సంగతి ఏమిటి? అక్కడ తొట్లు లేవు, మురుగుకాలువ లేదు. కనుక అపాయమూ లేదని చాలామంది తలుస్తారు. ఈ తలంపు రసాయనశాస్త్రం ముందు నిలువదు.

నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అధికభాగం క్రోమియం లవణాలతో పదునుచేసినది. అట్టి తోలులో సాధారణంగా నూటికి 3 నుండి 5 పాళ్ళవరకు క్రోమియం ఆక్సైడు ఉంటుంది. ఇది మూడు సంయోజకతగల క్రోమియం. తోలు పోగులకు గట్టిగా అంటుకొని ఉంటుంది, నీటిలో సులభంగా కరుగదు. ఆరు సంయోజకతగల క్రోమియం సంగతి వేరు. అది నీటిలో సులువుగా కరుగుతుంది, చర్మాన్ని ఒరుస్తుంది, క్యాన్సరు కలిగిస్తుంది. మూలకం ఒక్కటే అయినా గుణం మారిపోతుంది. మొదటిదానిని రెండవదానిగా మార్చటానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. గాలిలో మంట పెడితే కొంతభాగం మారవచ్చు. బూడిదలో సున్నంవంటి క్షారం ఉంటే ఆ మార్పు మరింత సులభం.

వ్యర్థాల అంతర్జాతీయ రవాణాకు సంబంధించి 1989లో కుదిరిన బాజెల్ ఒడంబడికలోని లోపం ఇక్కడే కనబడుతుంది. ఆరు సంయోజకత క్రోమియంగాని, క్రిమిసంహారకాలుగాని లేని తోలుముక్కలను ఆ ఒడంబడిక అపాయం లేని వ్యర్థాల పట్టికలో ఉంచింది. అవి ఉన్న తోలుపొడిని, బూడిదను అపాయకర వ్యర్థాలలో చేర్చింది. రెండు నిర్ణయాలూ విడివిడిగా సరియైనవే. అయితే పొద్దున మొదటి పట్టికలో ఉన్న ముక్క, సాయంత్రం దిబ్బమీద మంటలో పడి రెండవ పట్టికలోనికి మారవచ్చు. వస్తువు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో పట్టిక చూస్తున్నది; రేపు దానిని ఏమి చేస్తారో చూడటం లేదు.

మన దేశపు 2016 అపాయకర వ్యర్థాల నిబంధనలలో మెచ్చుకోదగినది చాలా ఉన్నది. తోళ్ళ కర్మాగారాల క్రోమియం బురదను, జిగురుల వాడకంలో మిగిలే వ్యర్థాలను అవి గుర్తించాయి. వ్యర్థాన్ని సాధారణంగా 90 రోజులకు మించి నిలువ ఉంచరాదన్నాయి. ఎక్కడినుండి ఎక్కడికి పోయినదో పత్రం ఉండవలెనన్నాయి. ఇవన్నీ పెద్ద కర్మాగారానికి తగిన ఏర్పాట్లు. నలుగురైదుగురు పనివారున్న కుట్టుపని కొట్టుకు ఇవి ఎట్లా అందుతాయి?

అనంతపురానికి ఉత్తరాన, జాతీయ రహదారిపై ఉన్న గార్లదిన్నెలో అట్టి కొట్టు ఒకటి వెలసినదని ఊహిద్దాం. అది నెలకు 100 కిలోల తోలు తెప్పించి, అందులో 20 కిలోలు కత్తిరింపులుగా మిగిల్చిందనుకొందాం. నూటికి 4 పాళ్ళ లెక్కన ఆ ముక్కలలో 800 గ్రాముల క్రోమియం ఆక్సైడు, అనగా దాదాపు 547 గ్రాముల క్రోమియం ఉంటుంది. త్రాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. ఆ క్రోమియంలో నూరవ వంతు మాత్రమే కరిగి బావిలోకి దిగినా, 1,09,000 లీటర్ల శుద్ధజలాన్ని ఆ హద్దుకు చేర్చటానికి చాలును. ఇది ఒక్క నెల ముక్కల లెక్క.

ఈ లెక్క వర్షాలు మెండుగా పడే సీమలో ఒక తీరుగా, కరవుసీమలో మరొక తీరుగా తోస్తుంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షం పడుతుంది. చెడిన నీటిని పలుచన చేయటానికి వేరే నీరు లేదు. ఒక బోరు చెడితే ప్రక్కనే ఇంకొకటి పడుతుందన్న నమ్మకమూ లేదు. గార్లదిన్నె మండలంలోనే పెనకచర్ల వద్ద మధ్య పెన్నా జలాశయం ఉన్నది. దిబ్బమీది బూడిద వానకు ఎటు పోవునో ఆలోచించవలసిన చోటు ఇది.

హాని బావితోనే ఆగదు. తోలును రుద్ది నునుపుచేసేటప్పుడు లేచే పొడి ముక్కులో క్యాన్సరు కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించింది. బెంజీను కలిసిన జిగురులు వాడిన ఇస్తాంబుల్ చెప్పుల పనివారిలో రక్తక్యాన్సరు కేసులను ముజఫర్ అక్సోయ్ 1974లో ప్రకటించాడు. బెంజీనుకు బదులు వచ్చిన హెక్సేను నరాలను దెబ్బతీస్తుంది. గాలి ఆడని గదిలో మూత తీసిన జిగురు డబ్బా చూడటానికి వ్యర్థంవలె కనబడదు. దానిలోనుండి ఆవిరైపోయేది ఏ పట్టికలోనూ తూకానికి రాదు.

వెనుకటి తంగేడు చెక్క, లందల పద్ధతికి మరలితే సరిపోదా అని కొందరంటారు. ఆ పద్ధతిలో క్రోమియం లేదు, నిజమే. కాని అందుకు వారాల కాలం, విస్తారంగా చెట్ల బెరడు కావలె. దాని మురుగునీరూ శుద్ధి చేయవలసినదే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మలకు వాడే పారదర్శకమైన మేకతోలులోనూ క్రోమియం పదును లేదు. అయితే బొమ్మకు తగిన తోలు బూటుకు తగదు. పాతది మంచిది, కొత్తది చెడ్డది అనే తీర్పు శాస్త్రం కాదు.

చేయదగినది వేరే ఉన్నది. క్రోమియం తోలుముక్కను కాల్చరాదన్నది మొదటి నియమం కావలె. తోలుపరచి గీతలు గీసేటప్పుడే జాగ్రత్తపడితే ముక్కలు తగ్గుతాయి. మిగిలిన ముక్కలను పొడిచేసి, బంకతో కలిపి తోలు అట్టలు చేసే పద్ధతి పరిశ్రమలో ఉన్నది. నీటిలో కలిపిన జిగురులూ దొరుకుతున్నవి. చిన్న కొట్టు తన 20 కిలోలను వందల కిలోమీటర్ల దూరాన పరవాడలోని వ్యర్థకేంద్రానికి ఒంటరిగా మోయలేదు. కనుక మండల స్థాయిలో ముక్కలను కూడబెట్టి పంపే ఏర్పాటు ప్రభుత్వం చేయవలె. నిబంధనలలో లోటు ఇదే: అవి బాధ్యతను చెప్పినవి, దానిని మోయగల చేతిని చూపలేదు.

ఉపాధ్యాయులు చేయగలది కూడా ఉన్నది. ద్రవ్యం నశించదన్న లవాజియే సూత్రాన్ని తరగతిలో మైనపువత్తితోనే చెప్పి విడిచిపెట్టక, తోలుముక్కతోనూ చెప్పవచ్చు. వచ్చిన తోలు ఎంత, వస్తువైనది ఎంత, మిగిలినది ఎంత, అది ఎక్కడికి పోయింది? ఈ నాలుగు అంకెలు రాయగల విద్యార్థికి ఒక సంగతి తెలుస్తుంది. మంట తోలును మాయం చేస్తుంది గాని క్రోమియాన్ని మాయం చేయదు. అది బూడిదలోనో, పొగలోనో, నీటిలోనో ఉండితీరుతుంది.