ఒక్క 'టక్' చెప్పిన సంగతి

శామీర్‌పేట చెరువు కట్ట మీద నడిచొచ్చి కారు తాళం తిప్పాను. 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. ఇద్దరు కుర్రాళ్లు తోశారు. సెకండ్ గేరులో క్లచ్ వదిలితే బండి లేచింది. మేడ్చల్ దాకా ఇంజన్ ఆపలేదు. హైవే పక్కన ఒక షెడ్డులో బానెట్ ఎత్తకుండానే, "సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చాలె సార్" అన్నారు.

నాకు మనసొప్పలేదు. బ్యాటరీ నీరసిస్తే టకటకమని వరసగా కొట్టుకుంటుంది, డ్యాష్‌బోర్డు లైట్లు వాడిపోతాయి. నా బండిలో లైట్లు నిక్షేపంగా ఉన్నాయి. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్ లాంటి సోలనాయిడ్ లోపలి ఇనుప కడ్డీ కదులుతోంది కానీ కరెంటు మోటారుకు అందడం లేదని అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి, బండి చల్లబడనిచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మల్టీమీటరు తీశాను. బ్యాటరీ 12.6 వోల్టులు, నిండుగా ఉంది. మా అబ్బాయి తాళం తిప్పి పట్టుకుంటే సోలనాయిడ్ సన్న వైరు దగ్గర 12 వోల్టులు వచ్చాయి. కాబట్టి తాళంలో, రిలేలో తప్పు లేదు. ఇక మిగిలినవి రెండు లావు బోల్టులు: ఒకటి బ్యాటరీ వైపు, ఒకటి మోటారు వైపు. మీటరు పిన్నులు ఆ రెంటికీ ఆనించాను. తాళం తిప్పగానే లోపలి రాగి బిళ్ల వాటిని కలపాలి, అంకె అర వోల్టు లోపుకు పడిపోవాలి. టక్ మంది, అంకె మాత్రం 12 దగ్గరే నిలబడింది. దొంగ దొరికాడు.

సోలనాయిడ్ ఒక్కటే మార్పించాను. పాతదాన్ని కోయించి చూస్తే రాగి బిళ్ల అంచు మాడిన రొట్టెలా నల్లబడి, గుంటలు పడి ఉంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ వందకు పైగా ఆంపియర్లు ఆ చిన్న బిళ్ల మీదుగానే పోతాయి. అన్నేళ్లు ఓర్చుకున్నందుకు దాన్ని మెచ్చుకోవాలి.

చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చేదాకా ఇంజన్ తిప్పడానికి చాలామందికి హ్యాండిలే దిక్కు. అంబాసిడర్ ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పడం మా తరం కళ్లారా చూసింది. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది.

మీ బండి ఒక్క టక్‌తో ఊరుకుంటే, మోటారుకు డబ్బు కట్టే ముందు ఈ మూడు చోట్లా కొలిచి చూడమని మెకానిక్‌ను అడగండి. స్క్రూడ్రైవర్‌తో రెండు బోల్టులూ కలిపి చూసే పని మాత్రం వద్దు. గేరులో ఉన్న బండి ఎదుటి మనిషి మీదికి దూకొచ్చు.