అది ఆట కాదమ్మా

"ఆడుతోందిరా! చూడు, ఎంత ముద్దుగా ఆడుతోందో!" అంది అమ్మ.

అమ్మ తెనాలి నుంచి డాలస్ వచ్చిన మొదటి వేసవి అది. వచ్చిన మూడు రోజుల దాకా మా ఇంట్లో పాముల గది గుమ్మం తొక్కలేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి దండం పెట్టుకునే మనిషి. కొడుకు ముప్ఫై పాముల్ని ప్లాస్టిక్ పెట్టెల్లో పెంచుతున్నాడంటే ఆవిడకి భయం కన్నా అపచారమే ఎక్కువ తోచింది. నాలుగో రోజు ధైర్యం చేసి తలుపు దగ్గర నిలబడింది. నేను ఒక ఆడపాముని చేతిలోకి తీసుకున్నాను. పసుపు కలిసిన గోధుమ రంగు ఒళ్ళు, దాని మీద సాలెగూడు గీసినట్టు సన్నటి నల్ల గీతలు. అది తల పైకెత్తింది, పక్కకి తిప్పింది, గడ్డం ఇంటికప్పు వైపు వచ్చేదాకా తిప్పుతూనే ఉంది. తర్వాత వణుకుతూ కిందికి దించింది. అమ్మకి నాగస్వరం ముందు ఊగే తాచు గుర్తొచ్చినట్టుంది.

"అది ఆట కాదమ్మా" అన్నాను. మరేమిటని అడిగింది. అప్పటికి ఆ పాము నా దగ్గర మూడేళ్ళుగా ఉంది. దానివి రెండుసార్లు గుడ్లు పొదిగించాను, పిల్లల్ని అమ్మాను. అయినా ఆ ప్రశ్నకి అమ్మ మొహంలోకి చూస్తూ జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెబుతాను.

దీన్ని బాల్ పైథాన్ అంటారు. ఘనా, టోగో, బెనిన్ వైపు పచ్చిక బయళ్ళలో ఉండే పాము. మన కొండచిలువకి చుట్టమే గాని పొట్టిది, బాగా ఎదిగిన ఆడది నాలుగైదు అడుగులుంటుంది. భయమేస్తే కాటుకి రాదు, ఒంటిని ఉండ చుట్టేసి తలని మధ్యలో దాచుకుంటుంది. బెనిన్‌లోని విదా ఊళ్ళో ఈ పాములకి గుడే ఉంది. ఇంట్లోకి వస్తే చంపరు, భక్తిగా ఎత్తి తీసుకెళ్ళి వదిలిపెడతారు. ఆ సంగతి చెప్పాకే అమ్మ గుమ్మం దాటి గదిలోకి అడుగుపెట్టింది.

అడవిలో దీని రంగు ఎండుటాకుల మీద ఎండ పడినట్టు నలుపూ గోధుమా కలిసి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి జన్యువు మారిన పిల్ల పుడుతుంది. 1992లో అమెరికాలో తొలిసారిగా పెంపకంలో అల్బినో పిల్లలు పుట్టాయి. తర్వాత తెల్ల మచ్చల పైబాల్డ్ వచ్చింది. 1999లో ఆఫ్రికా నుంచి న్యూ హాంప్‌షైర్‌లోని ఒక పెంపకందారు దగ్గరికి సాలెగూటి గీతల పాము ఒకటి చేరింది. దానికి స్పైడర్ అని పేరు పెట్టారు. ఇవాళ లోకంలో ఉన్న స్పైడర్లన్నీ ఆ ఒక్క పాము వంశమే. దాన్ని పాస్టెల్ అనే మరో మార్ఫ్‌తో, అంటే రంగు రకంతో, కలిపితే బంబుల్‌బీ, పిన్‌స్ట్రైప్‌తో కలిపితే స్పిన్నర్. ఒక్క జన్యువు చాలు, ఈతలో సుమారు సగం పిల్లలకి ఆ గీతలు వస్తాయి. అందుకే అంత త్వరగా పాకింది.

ఆ ఊగుడూ ఆ మొదటి పాము నుంచే వచ్చింది. గీతలున్న ప్రతి పిల్లలోనూ ఎంతో కొంత ఉంటుంది. ఒకదానికి తల సన్నగా వణుకుతుంది, అంతే. ఇంకొకటి మెడని మరమేకులా మెలితిప్పి వెల్లకిలా పడుతుంది. తల్లిలో తక్కువగా ఉందని పిల్లల్లోనూ తక్కువ ఉంటుందన్న హామీ లేదు. "నాది మంచి లైను, ఊగుడు కనపడదు" అని అమ్మేవాళ్ళ మాట నమ్మి నేను నా మొదటి స్పైడర్‌ని కొన్నాను. ఆర్లింగ్టన్‌లో ఏటా జరిగే సరీసృపాల సంతలో, మూత పెట్టిన చిన్న ప్లాస్టిక్ గిన్నెలో ఉంది. అమ్మినాయన "తల కాస్త ఊపుతుంది, తిండికేం లోటు లేదు" అన్నాడు. తర్వాత అదే మాట నేను ఏడుగురికి చెప్పాను. ఆ ఏడుగురి మొహాలూ నాకు గుర్తే.

పాముల్ని పొదిగించడంలో ఉన్న ఆనందం చిన్నది కాదు. చలికాలం మొదట్లో జత కలపడం, నెలల తరబడి ఆడదాని ఒళ్ళు తడిమి చూసుకోవడం, కుబుసం విడిచిన రోజు నుంచి లెక్కపెట్టుకోవడం. ఒక తెల్లవారుజామున పెట్టె లాగితే తల్లి ఆరేడు గుడ్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చుట్టలు ఒక్కొక్కటీ విప్పి, గుడ్లని పొర్లించకుండా తీసి, ముప్ఫై ఒకటీ ముప్ఫై రెండు డిగ్రీల పెట్టెలో పెడతాం. చీకట్లో చిన్న లైటు ఆనిస్తే లోపల ఎర్రటి నరాలు చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. రెండు నెలలకి కాస్త అటూ ఇటూగా పిల్ల ముక్కు కొస మీదున్న పంటితో పెంకుని చీల్చుకుంటుంది. పెంకంటే కోడిగుడ్డులా పెళుసుగా ఉండదు, నానిన తోలులా ఉంటుంది. ఆ చీలికలోంచి తల బయట పెట్టి, ఒకటి రెండు రోజులు అలాగే లోకాన్ని చూస్తూ కూర్చుంటుంది.

మొదటి ఈతలో ఆరు గుడ్లు. మూడింట్లో మామూలు పిల్లలు, మూడింట్లో స్పైడర్లు. మామూలు పిల్లల తలలు చీలికలో నిశ్చలంగా ఉన్నాయి. స్పైడర్లలో ఒకటి తల బయటికి పెట్టింది, గుడ్డులోంచి ఇంకా రాలేదు, ఒళ్ళంతా లోపలే ఉంది. నాలుక బయటికి చాపింది. ఆ నాలుక కదలికకే తల పక్కకి ఒరిగి, మెలితిరిగి, పెంకు అంచుకి కొట్టుకుంది. మళ్ళీ నిలబెట్టుకోబోయింది, మళ్ళీ ఒరిగింది. పుట్టడం ఇంకా పూర్తి కాని జీవి అది. ఆ క్షణంలో నాకు తెలిసింది. తెలిసీ మరుసటి ఏడు ఇంకొక ఈత తీయించాను. గీతలు అంత బాగుంటాయి మరి.

2022లో జర్మనీ పరిశోధకులు స్పైడర్ల పుర్రెల్ని సూక్ష్మ సీటీ స్కాన్‌తో చూశారు. ఒంటిని నిలకడగా ఉంచే లోపలి చెవి అర్ధచక్ర నాళాలు ఉండాల్సిన దానికన్నా వెడల్పుగా ఉన్నాయి, సాక్యులస్ అనే సంచి చిన్నదై రూపు చెడి ఉంది. చర్మానికి రంగునిచ్చే కణాలు పిండంలో నాడీ శిఖరం అనే చోటు నుంచి బయలుదేరతాయి. చెవి తయారవడంలోనూ ఆ చోటుకి పాత్ర ఉంది. పిల్లుల్లో నీలి కళ్ళకీ చెవుడుకీ ముడి ఉందని డార్విన్ 1859లోనే రాశాడు. గీతనీ ఊగుడునీ విడదీసి ఒకటి ఉంచుకుని ఇంకొకటి వదిలేద్దామనుకోవడం నీడని వదిలేసి చెట్టుని తెచ్చుకుందామనుకోవడమే. ఇరవై ఏళ్ళకు పైగా పెంపకందారులు ప్రయత్నించారు. కుదరలేదు.

నా తోటి పెంపకందారులు, వాళ్ళలో నాకు ఆప్తులైనవాళ్ళూ ఉన్నారు, చెప్పే మాట ఒకటుంది. తింటోంది, పెరుగుతోంది, గుడ్లు పెడుతోంది, నొప్పి ఉన్నట్టు కనపడదు, ఇంకేం కావాలి? ఈ మాటని నేను తేలిగ్గా కొట్టిపారేయను, చాలాకాలం నేనూ దాని మీదే ఆనుకుని ఉన్నాను. కానీ పాము ఏడవదు. అరవదు. రెప్పలు లేవు, మొహం చిట్లించదు. అలాంటి ప్రాణి బాధని మనం దేనితో కొలుస్తున్నాం? తిండితో. తిండి కూడా ఎలా తింటోందో చూడాలి. మామూలు పాము ఎలుక మీదకి దూకడం రెప్పపాటులో అయిపోతుంది. నా స్పైడర్ గురి పెట్టబోతే ఉద్రేకానికి ఊగుడు ఎక్కువవుతుంది, ఎలుకకి జానెడు దూరంలో గాలిని కరుస్తుంది. కాళ్ళూ చేతులూ లేని జీవికి ఉన్న నేర్పల్లా ఒంటి నిలకడే. దాన్నే తీసేసి, ఆకలి తీరుతోంది కదా అనడం నాకిక చేతకాలేదు.

ఈ పాములు ఇరవై, ముప్ఫై ఏళ్ళు సునాయాసంగా బతుకుతాయి. సెయింట్ లూయిస్ జూలో అరవై దాటిన బాల్ పైథాన్ ఒకటి 2020లో, ఏళ్ళ తరబడి మగదాని జత లేకుండానే, ఏడు గుడ్లు పెట్టింది. నేను అమ్మిన ఏడు పిల్లలు నా కూతురు పెళ్ళి చేసుకునే నాటికీ ఎవరి ఇంట్లోనో తల మెలితిప్పుకుంటూనే ఉంటాయి.

అన్ని రంగుల్నీ వద్దనడం లేదు. పైబాల్డ్ పాములు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, వాటికి ఒంట్లో ఏ లోపమూ లేదు. కొత్త రంగు పుట్టినప్పుడు అది ఒంటికి ఏం చేస్తుందో చూసి ఆగడం అసాధ్యమేమీ కాదు. లెపర్డ్ గెకో అనే బల్లిలో లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే నిమ్మపండు రంగు వచ్చింది. వాటిలో చాలావాటికి చర్మం మీద కణుతులు లేచాయి. 2021లో లాస్ ఏంజిలిస్ శాస్త్రజ్ఞులు ఆ రంగుకీ కణుతులకీ స్పింట్1 అనే ఒకే జన్యువు ముడి వేస్తోందని తేల్చారు. చాలామంది ఆ రంగుని పెంచడం మానేశారు. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పటొలాజికల్ సొసైటీ 2018 నుంచి తన సంతల్లో స్పైడర్ల అమ్మకం ఆపేసింది. ఇక్కడి సంతల్లో మాత్రం ఇంకా అమ్ముతున్నారు. పైగా చవక.

మన వైపూ ఈ మోజు పాకుతోంది. 2023 జులైలో కౌలాలంపూర్ నుంచి తిరుచ్చి విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణికుడి ట్రాలీ బ్యాగులో నలభై ఏడు పాములు దొరికాయి. హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు కొందరు నాకు ఫోటోలు పంపి "అంకుల్, ఇది ఏ మార్ఫ్? ఎంత పెట్టొచ్చు?" అని అడుగుతుంటారు. చట్టం సంగతి, రిజిస్ట్రేషన్ సంగతి ముందు చెబుతాను. ఫోటోలో సాలెగూటి గీతలుంటే ఇంకొకటి చెబుతాను: ఫోటో కాదు, తిండి పెట్టేటప్పుడు తీసిన వీడియో అడగండి. ఇద్దరు కొనడం మానుకున్నారు. ఒకడు కొన్నాడు.

జబ్బు చేసిన పాముకి మందు వేస్తాం, దాని కోసం రాత్రుళ్ళు మేలుకుంటాం. స్పైడర్ విషయంలో ఆ జాలి ఆలస్యంగా వచ్చిన జాలి. దాని బాధ నిర్ణయమైపోయింది చలికాలం మొదట్లో, నేను రెండు పెట్టెల మూతలు తీసి మగదాన్ని ఆడదాని పక్కన వదిలిన సాయంత్రమే. ఆ సాయంత్రం నా చేయి ఆగి ఉండాల్సింది. ఆరేళ్ళుగా ఆగింది.

ఆ ఆడపాము ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మ దానికి చిట్టి అని పేరు పెట్టి వెళ్ళింది, ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది. పోయిన నెల ఒకాయన ఈతకి పనికొస్తుందని మంచి ధరే ఇస్తానన్నాడు. ఇవ్వనని చెప్పాను. ఇవాళ దానికి తిండి పెట్టే రోజు. గదిలో లైటు ఆర్పేస్తాను, వెలుతురు తగ్గితే ఊగుడు కాస్త నెమ్మదిస్తుంది. వేడినీళ్ళలో మంచు వదిలించిన ఎలుకని పటకారుతో ఊపకుండా, దూకే అవసరం లేకుండా, దాని మూతి పక్కనే పెడతాను. మొదటిసారి తప్పుతుంది. రెండోసారీ తప్పుతుంది. నేను చేయి కదపకుండా కూర్చుంటాను.