ఎవరింటి గుట్టు? ఎవరు డిటెక్టివ్?

మా దాదీ సందూఖ్‌లో ఒక ఫోటో ఉండేది. షేర్వాణీ, రూమీ టోపీ వేసుకున్న కుర్రాడు. ఇరవై, ఇరవై రెండేళ్లుంటాయి. వెనక ఉర్దూలో రెండు వాక్యాలు. "ఎవరు దాదీ?" అంటే "జానే దే బేటా" అనేది. పోనీలే అని. మళ్లీ అడిగితే సందూఖ్ మూసేసేది.

అప్పటికి నాకు పదకొండేళ్లు. ఆ ఏడే అబ్బా హైదరాబాద్ వెళ్లి, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచి ఒకటి తెచ్చారు. ఎనిడ్ బ్లైటన్ రాసిన 'ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలండ్'. అట్ట లేదు. పక్కింటి దోస్తూ నేనూ డిక్షనరీ ముందేసుకుని నెలరోజులు చదివాం. చదవడం అయ్యాక ఇద్దరం డిటెక్టివ్‌లమైపోయాం. మా మొదటి కేసు ఆ ఫోటో.

మా రెండిళ్లలోనూ ఆ కేసును పెద్దవాళ్లు ముందుకు పోనివ్వలేదు. మా దాదీ "జానే దే" అంది. వాళ్ల నాయనమ్మ "ఆ సంగతులు అడగొద్దు బిడ్డా" అంది. పుస్తకంలోని పిల్లలకు నాలుగు రోజుల్లో దొరికిన జవాబు మాకు ఏళ్లు గడిచినా దొరకలేదు. మేం మొద్దులం గనక అనుకున్నాను. ఇప్పుడు అదే పుస్తకాన్ని మళ్లీ చదువుతుంటే, తేడా మా తెలివిలో లేదనీ, ఇళ్లలో ఉందనీ తెలుస్తోంది.

ఆ కథ చాలామందికి తెలిసిందే. 1942లో, యుద్ధం మధ్యలో వచ్చిన పుస్తకం. జూలియన్, డిక్, ఆన్ అనే ముగ్గురు పిల్లలు సెలవులకు సముద్రం ఒడ్డున బాబాయి ఇంటికొస్తారు. అక్కడ జార్జినా ఉంటుంది. జార్జ్ అని పిలిస్తేనే పలుకుతుంది. తోడు టిమ్మీ అనే కుక్క. ఎదురుగా కిరిన్ దీవి, దాని మీద కూలిపోయిన కోట. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల చాలా భూమి జార్జ్ తల్లి పుట్టింటివారిదే. కలిగిన బతుకు పోయి దీవి మిగిలింది. వాళ్ల పూర్వీకుడి ఓడ ఆ దగ్గరే మునిగింది. అందులోని బంగారం సంగతి ఎవరికీ తెలియదు. తుఫాను వచ్చి ఓడను పైకి తోస్తుంది. అందులో ఒక పెట్టె, పెట్టెలో కోట పటం, దాని మీద పాతకాలపు రాత. పెద్దాయన విలువ తెలియక పెట్టెను అమ్మేస్తాడు. పిల్లలు ముందే పటానికి నకలు తీసుకుని ఉంటారు. దొంగల కంటే ముందు బంగారాన్ని కనిపెడతారు. ఆ బంగారం చట్ట ప్రకారం కుటుంబానిదే అవుతుంది. పోయిన సిరి ఇంటికి తిరిగొస్తుంది.

ఈ వరసలో 1963 దాకా 21 పుస్తకాలొచ్చాయి. కాన్వెంట్ల లైబ్రరీల నుంచి ఫుట్‌పాత్‌ల దాకా మన దేశంలో మూడు తరాల పిల్లలు వాటిని చదివారు. దోస్తులు కలిసి ఇంటి గుట్టు విప్పే కథలకు ఇదొక అచ్చులాగా నిలిచింది. అందుకే ఆ అచ్చును జాగ్రత్తగా చూడాలి.

ఈ కథ నడవాలంటే నాలుగు వసతులు కావాలి. ఒకటి, పోయిన ఆస్తి మీద హక్కు ఇంకా మిగిలి ఉండాలి. రెండు, దొరికిన కాగితంలోని రాత పిల్లలు చదవగలగాలి. మూడు, టార్చిలైటు పట్టుకుని పాత కోటలో తిరిగే పిల్లల్ని ఎవరూ అనుమానించకూడదు. నాలుగు, చివర్లో వాళ్లు చెప్పింది పెద్దలూ పోలీసులూ నమ్మాలి. బ్లైటన్ పిల్లలకు ఈ నాలుగూ పుట్టుకతో వచ్చాయి. వాటిని ఆమె ఎక్కడా ప్రస్తావించదు. గాలిని ప్రస్తావించనట్టే.

మన పిల్లలకు వీటిలో ఎన్ని ఉన్నాయి?

బ్లైటన్ లోకంలో అనుమానం ఎవరి మీదికి పోతుందో 1944 నాటి 'ది ఐలండ్ ఆఫ్ అడ్వెంచర్' చెబుతుంది. నలుగురు పిల్లలు, మళ్లీ సముద్రం ఒడ్డున పాత ఇల్లు, మళ్లీ ఒక దీవి. ఇంట్లో పనిచేసే జో-జో నల్లవాడు. కథ ముగిసేసరికి దొంగనోట్ల ముఠాకు చెందినవాడు అతనే. తర్వాతి ముద్రణల్లో అతని పేరు జో అని మార్చారు, రంగు తీసేశారు. మంచిదే. కానీ పేరూ రంగూ మార్చినంత మాత్రాన ఆ కథ నిర్మాణం మారదు. ఇంటి పిల్లలు చూసేవాళ్లు, బయటివాడు చూడబడేవాడు. చిన్నప్పుడు ఈ పుస్తకం చదివినప్పుడు నేను ఏ సంకోచమూ లేకుండా పిల్లల పక్షాన నిలబడి జో-జోను అనుమానించాను. పుస్తకం బయట, బళ్లో మాత్రం నేను జో-జోనే. పెన్ను పోతే ముందు నా సంచీ వెతికేవాళ్లు. "ఏయ్ సాయిబూ" అని తప్ప పేరు పెట్టి పిలిచింది తక్కువ. పేరు కోసం జార్జ్ చేసిన పోట్లాట నాకు నచ్చడానికి కారణం అదేనేమో. ఆమె ఎవరు పెట్టిన పేరుకో పలకదు, తాననుకున్న పేరుకే పలుకుతుంది. బ్లైటన్‌ను అంతా తీసిపారెయ్యమని నేను అననిది అందుకే.

సరే, ఆమె పరాయి దేశపు మనిషి. మన దేశానికొద్దాం. సత్యజిత్ రాయ్ 1966లో 'సందేశ్' పత్రికలో రాసిన 'బాద్‌షాహీ ఆంగ్టి' లక్నోలో నడుస్తుంది. ఫేలూదా, అతని తమ్ముడి వరసయ్యే తోప్షే అనే కుర్రాడు, ఔరంగజేబుదని చెప్పే ఉంగరం, బడా ఇమాంబాడాలోని భూల్‌భులయ్యా. రాయ్‌లో బ్లైటన్ నాటి చులకన లేదు. ఊరి మీద, దాని చరిత్ర మీద గౌరవం ఉంది. అయినా చదువుతుంటే నాకొక లోటు తోస్తుంది. ఉంగరం మనది, భూల్‌భులయ్యా మనది. ఆ మలుపుల్లో తిరిగి గుట్టు విప్పేవాళ్లలో మనం లేం. మన గతం ఇతరుల సాహసానికి రంగస్థలం అవుతుంది. సినిమాల్లో చార్మినార్ ముందు ఒక పాట తీసుకుని పోయినట్టు. ఇది రాయ్ దురుద్దేశమని అనను. బెంగాలీ భద్రలోకపు కుర్రాడికి తన కళ్లే ఉంటాయి. మన కళ్లు మనమే తెచ్చుకోవాలి.

ఆ కళ్లు తెచ్చుకున్న ఒక ఉదాహరణ దొరికింది. రాబిన్ స్టీవెన్స్ 2014లో మొదలుపెట్టిన 'మర్డర్ మోస్ట్ అన్‌లేడీలైక్' వరస. 1930ల నాటి ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూలు. ఇద్దరు అమ్మాయిలు. డైసీ వెల్స్ దొరబిడ్డ, డిటెక్టివ్ సంఘానికి ప్రెసిడెంటు. హేజెల్ వాంగ్ హాంకాంగ్ నుంచి వచ్చిన పిల్ల, సెక్రటరీ. కథ చెప్పేది హేజెల్. కలం బయటి పిల్ల చేతికొచ్చింది.

2015లో వచ్చిన రెండో పుస్తకం 'ఆర్సెనిక్ ఫర్ టీ' నేరుగా ఇంటి గుట్టు కథ. డైసీ వాళ్ల కోటలాంటి ఇంట్లో పుట్టినరోజు విందు. ఒక అతిథికి విషం పెడతారు. అనుమానితులు డైసీ సొంతవాళ్లే. బ్లైటన్‌లో ఇంటి పిల్ల బయటివాణ్ణి చూస్తుంది. ఇక్కడ బయటి పిల్ల ఇంటివాళ్లను చూస్తుంది. అమ్మను, నాన్నను, అన్నను అనుమానించాల్సి వచ్చినప్పుడు డైసీ ధీమా సడలుతుంది. అతిథిగా వచ్చిన హేజెల్‌కు ఒక సంకటం. ఉప్పు తిన్న ఇంటి గుట్టు రట్టు చేయాలా? అలాగని చూసింది చూడలేదనాలా? మెజారిటీ దోస్తుల ఇళ్లలో పండక్కి భోజనం చేసి, ఆ ఇంట్లో మనవాళ్ల గురించి ఎవరో విసిరిన మాట విని, నవ్వాలో లేచిపోవాలో తెలియక కూర్చున్న ప్రతివాడికీ హేజెల్ తెలుసు.

2018లో వచ్చిన 'ఎ స్పూన్‌ఫుల్ ఆఫ్ మర్డర్' ఇంకో అడుగు వేసింది. తాత చనిపోయి హేజెల్ హాంకాంగ్ వెళుతుంది, డైసీ తోడెళుతుంది. ఇప్పుడు పరాయిది డైసీ. ఇంటి గుట్టు హేజెల్‌ది. పసివాడైన తమ్ముణ్ణి ఎత్తుకుపోతారు. ఇంట్లో పనిచేసే సూ లీని చంపేస్తారు. ఆ హత్యను హేజెల్ మీదికే నెడతారు. డిటెక్టివే అనుమానితురాలవుతుంది. ఇద్దరూ కలిసి ఆమె మీది మచ్చ తుడుస్తారు.

నాకు నచ్చిన పుస్తకం. అయినా ఒకమాట చెప్పాలి. హేజెల్ తండ్రి బాగా డబ్బున్నవాడు. మచ్చ తుడుచుకోవడానికి ఆ ఇంటికి ఉన్న బలం వేరు. పైగా చచ్చిపోయింది పనిమనిషి. సూ లీ ఇంటి గుట్టు విప్పే దోస్తులెవరు? ఆ ప్రశ్న వేసే పుస్తకం ఇంకా రావాలి.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో డిటెక్టివ్ అనుమానితుడు కావడమన్నది కథ మధ్యలో వచ్చే మలుపు కాదు, మొదటి పేజీ. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది మనవాళ్లు. తర్వాత పదులకొద్దీ పట్టుకెళ్లిందీ మన పిల్లల్నే. వాళ్లు నిర్దోషులని తేలాక, 2012లో ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చి సత్ప్రవర్తన పత్రాలు పంచింది. మంచివాడినని సర్కారు ముద్ర వేసిన కాగితాన్ని జేబులో పెట్టుకు తిరగాల్సిన కుర్రాడు టార్చిలైటు పట్టుకుని గోలకొండ గోడల్లో అర్ధరాత్రి సాహసం చేస్తాడా? వాళ్లమ్మ చేయనిస్తుందా? మన భాషలో మన పిల్లల సాహసకథలు ఎందుకు తక్కువని అడిగేవాళ్లు ఈ తల్లి భయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

రాత సంగతి సరేసరి. కిరిన్ దీవి పటం ఇంగ్లీషులోనే ఉంది, పిల్లల భాష ఇంగ్లీషే. మా ఇళ్లలో పాత సేత్వార్లు, పహాణీలు, నికాహ్‌నామాలు, ఉత్తరాలు ఉర్దూలో ఉన్నాయి. నాకు చదవడం వచ్చు. నా పిల్లలకు రాదు. వాళ్లది ఇంగ్లీషు మీడియం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, అక్షరం తెలియదు. రేపు వాళ్లకు సందూఖ్ దొరికినా అందులోని కాగితం బొమ్మలాగే కనిపిస్తుంది. దీనికి సర్కారునొక్కదాన్నే తిట్టి లాభం లేదు. అలిఫ్, బే నేర్పని తండ్రిని నేనే.

ఫోటో సంగతి చెప్పి ముగిస్తాను. కాలేజీకొచ్చాక వెనకున్న వాక్యాలు చదివాను. ఫోటోలోనిది దాదీ అన్న. బళ్లో ఉస్తాద్. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లో, బీదర్ వైపు వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ ఏడాది చివర పండిత్ సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాజ్యంలో తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నివేదిక ఇచ్చింది. దశాబ్దాలపాటు దాన్ని బయట పెట్టలేదు. 2013లో గానీ అది జనానికి అందుబాటులోకి రాలేదు. అంతకు ముందు రజాకార్లు చేసిన దుర్మార్గాలను నేను దాచను. అవీ ఎవరి ఇళ్లలోనో గుట్లుగా మిగిలాయి. కానీ ఒక నేరానికి ఇంకో నేరం జవాబని చెప్పి సందూఖ్ మూసేస్తే లెక్క తేలదు. ఆ నివేదిక వెతికి చదివాను. అందులో అంకెలున్నాయి. మా దాదీ అన్న పేరు లేదు.

ఆ మధ్య నా దోస్తు ఫోన్ చేశాడు. వాళ్ల నాయనమ్మ పోయేముందు ఒక సంగతి చెప్పిందట. ఆ సెప్టెంబరులో మావాళ్లు పదకొండు రాత్రులు వాళ్ల ఇంట్లో, ధాన్యం గదిలో పడుకున్నారట. మా దాదీ బతికుండగా ఈ మాట ఎన్నడూ అనలేదు. వాళ్ల నాయనమ్మా అనలేదు. "మీ దాదీ అన్న సంగతి మాత్రం ఆమెకూ తెలియదురా" అన్నాడు. "ఇన్నేళ్లు అడగనందుకు నాకు సిగ్గేసింది" అని కూడా అన్నాడు.

కేసు తేలలేదు. కానీ ఒకటి అర్థమైంది. బ్లైటన్ పిల్లలకు తమ ఇంటి గుట్టు తమ ఇంటి పెట్టెలోనే దొరికింది. మా ఇంటి గుట్టులో సగం పక్కింట్లో ఉంది. ఒక సగం ఉర్దూలో, ఒక సగం తెలుగులో. ఏ ఇంటి పిల్లలు ఆ ఇంట్లోనే వెతుక్కుంటే ఎవరికీ దొరకదు. మన పిల్లల కోసం రాయాల్సిన సాహసకథ ఇదేనని నాకనిపిస్తుంది. అందులో బంగారం దొరకకపోవచ్చు. ఇద్దరు దోస్తులు రెండిళ్ల పెద్దవాళ్ల ముందూ కూర్చుని, "జానే దే" అన్నా లేవకుండా, మళ్లీ అడగాలి. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అడిగేదేదో ఇప్పుడే అడగాలి.