నక్ష బాట మీద సైకిల్

గ్రామ నక్షను ఒకసారి నేల మీద పరిచి చూడండి. సర్వే నంబర్ల హద్దుల మధ్య తెగిన గీతలు జంటగా వంకర్లు తిరుగుతూ పోతుంటాయి. అవి బండ్ల బాటలు. ఒంటి గీత కాలిబాట. మా తిరుమలగిరి వైపు వీటినే నక్ష బాటలంటాం. పక్కపక్క పొలాల వాళ్లు తగువు పడ్డప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాని ఆ గీతల మీదే ఆదివారం పొద్దున నా సైకిల్ నడుస్తుంది.

జనగామ నుంచి సూర్యాపేటకు తారు రోడ్డు మీద పోయేవాళ్లకు ఈ నేలంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. రోడ్డు దిగి పది నిమిషాలు తొక్కితే అసలు సంగతి తెలుస్తుంది. ఎర్రచెలక పోయి రేగడి వస్తుంది. రేగడి దాటితే చెరువు కట్ట, కట్ట దిగితే తాటివనం, దాని వెనక రాతిగుట్ట. ఇంకా పోతే మూసీలో కలవబోయే బిక్కేరు ఇసుక. నేల మారినప్పుడల్లా తొక్కుడు మారాలి. ఇంగ్లండులో సముద్రపు ఒడ్డు కొండల మీద, చెట్టన్నది లేని బీళ్ల మీద, అడవుల్లో ఈ విద్యను మౌంటెన్ బైకింగ్ అని నేర్చుకుంటారు. మన దగ్గర దానికి పేరు లేదు గానీ విద్య ఉంది.

నేను దాన్ని మొదట చూసింది గౌడన్నల దగ్గర. పొద్దుటి కల్లు దించి, క్యారియర్‌కు అటూ ఇటూ కుండలు కట్టి, వరి గట్టు మీదుగా వచ్చేవాళ్లు. గట్టు వెడల్పు మూరెడు కూడా ఉండదు. కుదుపు వచ్చే చోటికి రెండు బారల ముందే సీటు మీది నుంచి కాస్త లేచేవాళ్లు. మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంగి ఉండేవి. కింద సైకిల్ ఎగిరెగిరి పడుతున్నా నడుము పైభాగం నిలకడగా ఉండేది. ఇవాళ ఖరీదైన సైకిళ్లలో స్ప్రింగులు, గాలి గొట్టాలు చేసే పనిని వాళ్ల కీళ్లు చేసేవి. ఎంత మంచి సైకిలెక్కినా మొదట పట్టుబడాల్సింది ఆ భంగిమే: రెండు పెడళ్లూ నేలకు సమంగా, ఒళ్లు వదులుగా, మడమలు కిందికి.

వాళ్ల సైకిల్‌ను కూడా తక్కువ చేయలేం. కొండ సైకిళ్లు చాలా ఏళ్లు 26 అంగుళాల చక్రంతో వచ్చాయి. పెద్ద చక్రం రాళ్ల మీది నుంచి తేలిగ్గా దొర్లుతుందని గ్రహించి తర్వాత 29 అంగుళాలకు మారాయి. ఆ 29 అంగుళాల చక్రానికి టైరు కూర్చునే చోట రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు. మన ఊరి పాత 28 అంగుళాల సైకిల్ రిమ్ము 635. రిమ్ము వరకూ చూస్తే మా తాతల చక్రమే పెద్దది!

అమెరికాలో ఈ ఆట మొదలైంది కూడా పాత బరువు సైకిళ్లతోనే. 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొందరు కుర్రాళ్లు మట్టి బాట మీద కొండ దిగుతూ పందెం పెట్టుకున్నారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ దిగుడుకు కాలి, హబ్బులోని గ్రీజు పొగైపోయేది. ప్రతిసారీ గ్రీజు మళ్లీ దట్టించాలి కాబట్టి ఆ పందేనికి రీప్యాక్ అనే పేరొచ్చింది. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1996 అట్లాంటాలో, అది ఒలింపిక్ క్రీడ అయింది.

ఇక తొక్కుడు సంగతి. అన్నిటికంటే ముందు చూపు. చిన్నప్పుడు అద్దె సైకిల్ మీద, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి కాంచి తొక్కుతుంటే సీటు పట్టుకుని వెనక ఉరికినవాళ్లు అరిచిన మాట గుర్తుందా, కింద చూడకు ముందు చూడమని? గుట్టల్లో ఆ మాటే ప్రాణం కాపాడుతుంది. కన్ను ఏ రాయి మీద నిలిస్తే చక్రం ఆ రాయికే పోయి తగులుతుంది. అందుకని రాయిని చూసి వదిలేయాలి, దాని పక్కనున్న దారి మీద చూపు నిలపాలి.

గాడిలో పడ్డప్పుడు హ్యాండిల్‌తో పెనుగులాడకూడదు. గాడి ఎటు పోతే అటు పోతూ, అంచు తగ్గిన చోటు కోసం చూడాలి. దాటాల్సి వస్తే అడ్డంగా, వీలైనంత లంబకోణంలో దాటాలి. ఏటవాలుగా ఎక్కబోతే ముందు చక్రం జారి మనిషి పక్కకు పడతాడు. ఇసుకలో దీనికి తోడు ఒంటి బరువు వెనక్కి వేయాలి, తేలిక గేరు వేసి ఆపకుండా తొక్కాలి, మలుపు తిప్పకూడదు. తొక్కుడు ఆగిందంటే దిగాల్సిందే.

పరుపుబండ చూడటానికి భయపెడుతుంది గానీ, ఎండిన బండంత నమ్మకమైన నేల ఇంకోటి లేదు. టైరు దాన్ని కరిచి పట్టుకుంటుంది. దాని మీద చల్లినట్టుండే మొరంతోనే ప్రమాదం. చక్రం కింద ఆ గులకలు బేరింగు గుండ్లలా దొర్లుతాయి. ఒకసారి అలాంటి దిగుడులో మలుపు మధ్యలో ముందు బ్రేకు నొక్కాను. మోచేయి చర్మం బండకు అంటింది. ముందు బ్రేకుకే బలమెక్కువ, నిజమే. కానీ దాన్ని మలుపుకు ముందే, చక్రం తిన్నగా ఉన్నప్పుడే వాడుకోవాలి. మలుపులో చక్రానికి ఒక్క పనే ఇవ్వాలి, తిరగడం.

ఎక్కుడులో గుట్టను ఎదురుగా ఢీకొనే దారి వాన నీటికీ దారే. రెండు వానలకు అది వాగవుతుంది. ఎద్దుల బండి గుట్టను ఒరుసుకుంటూ వాలుగా పైకి పోతుంది, ఎందుకంటే ఎద్దు మెడ అంతకు మించి లాగదు. ఇవాళ సైకిల్ బాటలు కట్టేవాళ్ల లెక్క కూడా దానికి దగ్గరే: బాట వాలు గుట్ట వాలులో సగం దాటొద్దు, సగటున నూటికి పది మించొద్దు, నీళ్లు బాట వెంట పారకుండా పక్కకు జారిపోవాలి.

టైరులో గాలి తారు రోడ్డుకు కొట్టినంత గట్టిగా ఉండకూడదు. కాస్త మెత్తగా ఉంటేనే నేలను పట్టుకుంటుంది. మా దగ్గర అసలు శత్రువు ముల్లు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ. ట్యూబు లేని టైరులో రబ్బరు పాల ద్రవం పోసుకుంటే చిన్న రంధ్రాలు వాటంతటవే పూడుకుంటాయి. అది లేనివాళ్లు ఒక ట్యూబు, పంపు, సొల్యూషన్ సంచిలో పెట్టుకోవాలి. ముల్లు గుచ్చుకుంటే అక్కడే పీకకుండా గుర్తు పెట్టుకుని, నీడకు చేరి పంచరు వేసుకోవడం మేలు.

వానాకాలంలో రేగడి మీదికి పోవద్దు. చక్రానికీ ఫ్రేముకూ మధ్య మట్టి కూరుకుపోయి సైకిల్ కదలదు, పైగా మనం చేసిన గాళ్లు ఎండి రైతు కాళ్లకు అడ్డం పడతాయి. నీళ్లు పెట్టిన మడి గట్టు ఎప్పుడూ తొక్కకూడదు. తెగితే ఆ రైతు పొద్దంతా పారతో నిలబడాలి. రాత్రి తొక్కుడు అసలే వద్దు. ఈ ప్రాంతంలో గోడ లేని వ్యవసాయ బావులు బాట పక్కనే నోరు తెరుచుకుని ఉంటాయి. అడవి పందుల కోసం కొందరు పెట్టే కరెంటు తీగలు మనుషులనూ చంపుతున్నాయి.

నాకిష్టమైన దారి ఫణిగిరికి పోయేది. పడగ విప్పిన పాములా కనిపించే ఆ గుట్ట మీద ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నాయి. 2024లో అక్కడి తవ్వకాల్లో ఒక మట్టి కుండ నిండా 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అన్ని నాణేలు చేరాయంటే బేరగాళ్లు వచ్చిపోయిన చోటన్నమాట. వాళ్లకూ, వాళ్ల బండ్లకూ బాటలు ఉండే ఉంటాయి. సైకిల్‌ను మాత్రం గుట్ట కిందే వదలాలి. స్తూపం ఇటుకల దగ్గరికి టైరు పోకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

బాటల మీద హక్కు మాటకొస్తే, ఇంగ్లండులో 1949 చట్టం ప్రకారం కౌంటీలు నడక దారులను, గుర్రపు దారులను సర్వే చేసి పటాల్లోకి ఎక్కించాయి. పటంలో ఉన్న దారి హక్కున్న దారే. 1968లో ఇంకో చట్టం గుర్రపు దారుల మీద సైకిల్ తొక్కే హక్కు ఇచ్చింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతుతో. వాళ్ల మౌంటెన్ బైకింగుకు ఊపిరి ఆ పటమే. మనకు పటం అంతకంటే ముందు నుంచే ఉంది. అందులో గీసిన బాటల్ని పక్క పొలాల్లో కలిపేసుకుంటున్నా పట్టించుకునేవాళ్లు తక్కువ. సైకిల్ కోసం కొత్తగా ఏ గుట్టా తొలవక్కర్లేదు, ఉన్న నక్ష బాటల్ని కొలిచి రాళ్లు పాతితే చాలు. రైతు ట్రాక్టరుకు, గొల్లకురుమల మందకు, బడి పిల్లలకు కూడా అవే బాటలు.

మొన్న అలాంటి ఒక బాట సగంలో తీగ కంచె ఎదురైంది. సెల్‌ఫోనులో నక్ష తెరిచి చూశాను. జంట గీత కంచెను దాటి తిన్నగా పోతోంది. సైకిల్ భుజాన వేసుకుని చుట్టూ పొడి గట్టు మీదుగా నడిచాను. అవతల ఈత చెట్ల మధ్య బాట మళ్లీ మొదలైంది. రెండు గాళ్లూ గడ్డిలో అట్లాగే ఉన్నాయి.