పాడిందెవరు, ఏ పని చేస్తూ?

1846 ఆగస్టులో విలియం థామ్స్ అనే ఇంగ్లిష్ పండితుడు లండన్ ‘ఎథీనియం’ పత్రికకు ఒక లేఖ రాశాడు. పాత ఆచారాలు, నమ్మకాలు, గాథలు మాయమైపోకముందే పోగుచెయ్యండని కోరాడు. ఆ ఏడాదే రేనాట్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. దొరల కాగితాల్లో ఆయన తిరుగుబాటుదారు, అంతే. వీరుడయ్యింది జనం పాటల్లో.

తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ రాయకపోతే ఆ పాటలూ, 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి పాటలూ మనకెన్ని దక్కేవో!

అయితే పాట దక్కితే చాలదు. పాడిందెవరు, ఎవరి ముందు, ఏ పని చేస్తూ? జానపద విజ్ఞానానికి ఇవే అసలు ప్రశ్నలు. నంద్యాల జిల్లా బేతంచెర్లవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరికి దగ్గర్లోనే బిలస్వర్గం గుహలున్నాయి. అక్కడి ఎముకల సంగతి 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ రాస్తే, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆ తర్వాత ఆయన కొడుకు తవ్వి చూశారు. ఏ పొరలో దొరికిందో రాసుకోకపోతే అది ఒట్టి ఎముకే. పాటా అంతే.

ఈ నాపరాళ్ల సీమలో ఏ అవ్వనైనా విసురురాయి పాట చెప్పమని అడగండి. ‘ఊరికే కూచుంటే యాడ గుర్తొస్తాది నాయనా’ అంటుంది. రాయి ముందు కూచోబెట్టి గుప్పెడు కొర్రలు పోస్తే, చెయ్యి తిరగడం మొదలయ్యాక చరణం దానంతటదే వస్తుంది. గింజలు పొయ్యడానికి చెయ్యి ఆగితే గొంతూ ఆగుతుంది. ఆ సందులో ఎదుటామె అందుకుంటుంది. ఒక్కోసారి అత్తమీద విసురు పడుతుంది, అత్త ఇంట్లో లేకపోతేనే. అచ్చుపుస్తకంలో ఇవేవీ కనపడవు. సగం పాట ఉన్నది మాత్రం వీటిలోనే.

యుగోస్లావియాలో 1930లలో మిల్మన్ పారీ వీరగాథలు పాడేవాళ్లను రికార్డు చేసి, పాడిన ప్రతిసారీ కథ కొత్తగా అల్లుకుంటుందని చూపాడు. మన పల్నాటి వీరకథను జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకంగా తెచ్చినప్పుడు, పాడిన అలిసెట్టి గాలెయ్యను పక్కకు నెట్టలేదు. ఇలాంటి సేకరణకే విలువ.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. పండగనాడు చెక్కభజన తియ్యనివాళ్లు లేరు. తీసేముందు పాడేవాళ్ల పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్లచేతే చెప్పించాలి. తీసింది వాళ్లకూ ఇవ్వాలి. పండగకు ముందు రాత్రుళ్లు జరిగే సాధకం కూడా తియ్యాలి. అడుగు తప్పిన పిల్లవాణ్ని గురువు ఎక్కడ ఆపుతాడు, ఏమని సరిదిద్దుతాడు, ఏ తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తాడు అన్నది అప్పుడే తెలుస్తుంది.